దొంగ చలిమిడి

మొన్న వైశాఖంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలు మొదలయ్యే వేళకు మా పిన్ని కూతురు కల్యాణ మండపం వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన గోడ పట్టుకుని నిలబడి కనిపించింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎండ పడలేదక్కా” అంది. పుక్కిలించడానికి నీళ్ళు తెచ్చి ఇచ్చాను. కాసేపటికి అటూ ఇటూ చూసి, “పదో వారం. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని మా అత్తగారు అన్నారు. నువ్వూ ఎవరితోనూ అనకు” అంది.

అరగంట తర్వాత చూస్తే అదే పిల్ల ఇత్తడి పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర తాంబూలాలు ఇస్తోంది. నిలబడలేక ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. మా పెద్దమ్మ అది చూసి, నలుగురికీ వినబడేలాగే, “ఈ కాలం పిల్లలు గంటసేపు నిలబడలేరు, అంతా నాజూకు. ఆ పళ్ళెం అక్కడ పారేసి పోయి కూర్చో” అంది. మా చెల్లికి పౌరుషం వచ్చింది. చివరి తాంబూలం దాకా పళ్ళెం వదలలేదు.

కడుపుతో ఉన్న పిల్ల ఎవరు కంటపడినా మా పెద్దమ్మ ముందు కుర్చీ వేయిస్తుంది, తర్వాతే ఎవరమ్మాయివని అడుగుతుంది. అలాంటి మనిషి చేత మా చెల్లి మాట పడింది, ఆ ఒక్క ముక్క చెప్పకూడదు కనుక. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని విజయవాడ వచ్చేదాకా ఇదే ఆలోచించాను. ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నారు సరే, ఆ ‘ఎవరికీ’లోకి ఎవరెవరు వస్తారు? ఈ నియమం పెట్టినవాళ్ళు ఎవరిని దృష్టిలో పెట్టుకుని పెట్టారు?

వైరల్ జ్వరం

ఈ విషయంలో నాకు కోపం ఉంది. అది ముందే చెప్పడం మర్యాద.

ఆరేళ్ళ కిందట మొదటిసారి నెల తప్పినప్పుడు నేనూ ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. తెలిసింది నలుగురికే: నాకు, మా ఆయనకు, అమ్మకు, అత్తగారికి. తొమ్మిదో వారం స్కానింగులో గుండె చప్పుడు లేదన్నారు. మంగళవారం మాత్రలు వేసుకున్నాను. శుక్రవారం ఆఫీసులో ఉన్నాను. సెలవు చీటీలో వైరల్ జ్వరం అని రాశాను. పక్క సీటు ఆవిడ జాలిపడి మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో, ఎన్ని మిరియాలు దంచాలో, బెల్లం ఎప్పుడు వేయాలో ఓపికగా చెప్పింది. నేను తల ఊపుతూ విన్నాను. అప్పటికి నాకు ఇంకా నెత్తురు పోతూనే ఉంది.

అప్పట్లో అమల్లో ఉన్న 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం గర్భస్రావం అయిన ఉద్యోగినికి మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు ఉంటుందని చాలా రోజుల తర్వాత తెలిసింది. డాక్టరు కాగితం చూపించాలి, అంతే. తెలిసినా అడిగేదాన్ని కానేమో. కడుపుతో ఉన్నానని చెప్పనిదాన్ని, అది పోయిందని సెలవు ఎలా అడుగుతాను? చట్టం ఇచ్చినదాన్ని ఆచారం నోరు నొక్కి వెనక్కి తీసుకుంది.

నాలుగు నెలల తర్వాత ఒకరోజు టిఫిను డబ్బాలు విప్పుకుంటూ ఉండగా ఎందుకో ఆ కషాయం ఆవిడకు అసలు సంగతి చెప్పేశాను. ఆవిడ తినడం ఆపి, “నాకూ రెండుసార్లు అయిందమ్మా” అంది. మూడేళ్ళు పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. ఒకళ్ళ ఇంట్లో ఏ కూరకు ఏ పోపు పెడతారో ఇంకొకళ్ళకు తెలుసు. ఇది మాత్రం తెలియదు. ఆ తర్వాత మా పెద్ద వదిన చెప్పింది, కింది అంతస్తులో టీచరు చెప్పింది. నాది చెబితే చాలు, ఎదుటివాళ్ళ దగ్గర ఒకటి బయటికొచ్చేది.

నిర్ధారణ అయిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా నిలవవు. అలా పోయేవాటిలో ఎక్కువ భాగం ఈ మొదటి మూడు నెలల్లోనే పోతాయి. వాటిలో సుమారు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం. బిందె ఎత్తడం, మెట్లు ఎక్కడం, బొప్పాయి ముక్క, స్కూటరు ప్రయాణం, ఎవరిదో ఏడుపుగొట్టు చూపు, వీటిలో దేనికీ క్రోమోజోముల్ని మార్చే శక్తి లేదు. ఈ మాట డాక్టరు నాకూ చెప్పారు. కానీ నా చుట్టూ ఇలా జరిగిన మనిషి ఒక్కరూ లేరనుకున్నాను కనుక, తప్పు నాదే అయి ఉంటుందని ఆ నాలుగు నెలలూ బిందెలు లెక్కపెట్టుకుంటూ గడిపాను.

తెలుగులో కడుపు పండటానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. నెల తప్పింది, నీళ్ళు పోసుకుంది, వేవిళ్ళతో ఉంది, ఉత్త మనిషి కాదు, చూలాలు, గర్భవతి. అది పోయినప్పుడు మాత్రం ‘పోయింది’ అంటాం. లేకపోతే ‘అబార్షన్ అయింది’ అని ఇంగ్లీషు మాట అరువు తెచ్చుకుంటాం.

దూరం కూర్చోని నెల

ఈ నియమం తరతరాల నుంచీ ఉందనేది మా ఇంట్లో పెద్దవాళ్ళ మొదటి వాదన. నిజమే కావచ్చు. అయితే తరతరాల కిందటి ఇల్లు ఎలా ఉండేదో కూడా చూడాలి కదా.

గుడివాడ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు నెలనెలా మూడు రోజులు దూరం కూర్చునేవారు. ఆ ఆచారం మీద నాకు రవ్వంత ప్రేమ కూడా లేదు. కానీ దాని వల్ల జరిగేది ఒకటుంది. కోడలు ఒక నెల దూరం కూర్చోకపోతే అత్తగారికి తెలిసేది, తోటికోడలికి తెలిసేది, పాలు పితికే మనిషికి తెలిసేది. ‘నెల తప్పింది’ అనే మాటకు అర్థమే అది. తప్పిన నెలను లెక్కపెట్టేవాళ్ళు ఇంటి నిండా ఉన్నారు. ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు, కానీ బావి దగ్గర చేద ఇంకొకళ్ళు అందుకునేవారు. పోపు ఘాటుకు వాంతి వస్తోందంటే వంటింటి పని చేతులు మారేది.

అంటే ‘ఎవరికీ చెప్పొద్దు’ అనేది వీధిని ఉద్దేశించిన మాట. ఇంటి లోపల దాచడానికి ఆస్కారమే లేదు. పైగా ఆ దాపరికం నిడివి కూడా తక్కువ. పరీక్షలు లేని రోజుల్లో ఒక నెల తప్పితే ఆలస్యమేమో అనుకుంటారు, రెండో నెల తప్పితే నమ్ముతారు, వేవిళ్ళు మొదలయ్యేసరికి ఖాయం చేసుకుంటారు. అక్కడి నుంచి మూడో నెల నిండేదాకా గట్టిగా నెలన్నర. ఇప్పుడు మందుల షాపులో కొన్న పరీక్ష చీటీ మీద నాలుగో వారానికే రెండు గీతలు పడుతున్నాయి. దాచవలసిన కాలం బాగా పెరిగింది. దాచుకోవలసిన ఇల్లేమో రెండు గదుల ఫ్లాటుకు కుదించుకుపోయింది. ఆ ఫ్లాటు తలుపు తెరిస్తే బయట ఉన్నదంతా వీధే: లిఫ్టు, బస్సు, ఆఫీసు, పెళ్ళి పందిరి.

మనం పాత నియమంలో సగమే తెచ్చుకున్నాం. మౌనం తెచ్చుకున్నాం, చేద అందుకునే తోటికోడల్ని తెచ్చుకోలేదు.

అలాగని ఆ ఇంటిని బంగారంతో పోతపోయను. అమ్మమ్మకు మా పెద్దమ్మకూ అమ్మకూ మధ్యలో రెండు నిలవలేదు. ఇల్లంతటికీ తెలుసు కనుక ఇల్లంతా మాట అంది కూడా. ‘అడుగు మంచిది కాదు’ అని ఎవరో అన్న మాట అమ్మమ్మ ఎనభై ఏళ్ళు వచ్చాక కూడా చెప్పుకుంది. అందరికీ తెలియడం అంటే ఎప్పుడూ చేయూతేనని ఎవరైనా అంటే నేను నమ్మను.

పదమూడు దగ్గర గోడ లేదు

మూడో నెల దాటితే ఏం జరుగుతుందని మా చెల్లి ఫోనులో అడిగింది. రాత్రికి రాత్రి వాంతులు ఆగిపోతాయని ఎవరో చెప్పారట. నాకు తెలిసినది చెప్పాను.

మొదట లెక్కలోనే తికమక ఉంది. అమ్మ నెలలు లెక్కపెడుతుంది, డాక్టరు వారాలు లెక్కపెడతారు. డాక్టరు లెక్క ఆఖరి బహిష్టు మొదటి రోజు నుంచి మొదలవుతుంది కనుక అందులో మొదటి రెండు వారాలు కడుపులో ఎవరూ లేని వారాలు. ఆ లెక్కన 13 వారాల 6 రోజులకు మొదటి భాగం అయిపోతుంది. అమ్మకు మూడో నెల నిండేది అంతకు ముందే. మా ఇంట్లో ఇద్దరి లెక్కలూ ఒక్కసారి కూడా కలవలేదు.

వాంతులు సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై తొమ్మిది, పది వారాలప్పుడు ముదురుతాయి. తర్వాత మెల్లగా సన్నగిల్లుతాయి. చాలామందికి పదహారు, ఇరవై వారాల మధ్యన పూర్తిగా పోతాయి, కొందరికి చివరిదాకా ఉంటాయి. పదమూడో వారం సోమవారం పొద్దున్న మీట నొక్కినట్టు ఆగవు. నాకు ముందు ఆకలి వచ్చింది, తర్వాత వాంతి తగ్గింది. మధ్యలో ఒక వారం రెండూ కలిసి ఉన్నాయి. ఆ వారం గురించి ఎవరూ హెచ్చరించలేదు. గర్భాశయం కటి ఎముకల మధ్య నుంచి పైకి లేస్తుంది కనుక మాటిమాటికీ బాత్రూముకు పరుగెత్తడం కొంత తగ్గుతుంది. పొత్తికడుపులో పక్కలకు సన్నగా లాగినట్టుంటుంది, ఎక్కువ మందికి అది మామూలే. నెత్తురు కనిపించినా, నొప్పి తెరలు తెరలుగా వచ్చినా మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, నాలాంటివాళ్ళ రాతలు చదువుతూ కూర్చోకూడదు. బిడ్డ కదలిక ఇప్పుడే తెలియదు. మొదటి కాన్పుకు పద్దెనిమిది, ఇరవై వారాలు పడుతుంది.

వేవిళ్ళు ‘మనసులో’ ఉంటాయనే మాట కూడా ఇంకా వినిపిస్తోంది. మార్లీనా ఫెజో అనే అమెరికన్ జన్యు శాస్త్రవేత్త 1999లో తీవ్రమైన వాంతులతో మంచం పట్టి గర్భాన్ని పోగొట్టుకున్నారు. ఆమె కావాలనే ఎక్కువ చేసి చెబుతోందని అప్పటి డాక్టరు అనుకున్నారట. ఆమె పాలుపంచుకున్న పరిశోధన 2023 డిసెంబరులో వెలువడింది: గర్భంలో పిండం, మాయ తయారుచేసే జీడీఎఫ్15 అనే హార్మోను దీనికి ప్రధాన కారణమనీ, గర్భానికి ముందు ఒంట్లో ఆ హార్మోను తక్కువగా ఉన్న స్త్రీలకు వాంతులు ఎక్కువనీ అందులో తేలింది. నాజూకుతనానికి ఇందులో పాత్ర లేదు.

ఇక గర్భం పోయే భయం. అది గుండె చప్పుడు కనిపించిన దగ్గర నుంచి వారం వారం తగ్గుతూ వస్తుంది. అది వాలు, గోడ కాదు. సరిగ్గా ఈ ‘ఇక చెప్పేయవచ్చు’ అనే రోజుల్లోనే అసలు కంగారుపెట్టే పరీక్షలు కూడా పడతాయి. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు ఎన్‌టీ స్కాన్ చేస్తారు. తల నుంచి పిరుదుల దాకా బిడ్డ పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, అప్పుడే మెడ వెనక నీటి పొర మందం కొలవడానికి కుదురుతుంది. దానితోపాటు డబుల్ మార్కర్ రక్త పరీక్ష. ఇవి రెండూ డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోముల లోపాలు ఉండే అవకాశం ఎంతో చెబుతాయి, ఉందో లేదో తేల్చవు. తేల్చే పరీక్ష కోసం కొందరు పదిహేను, పదహారు వారాల దాకా ఆగాలి. వాళ్ళు ఏ నెల నిండాక చెప్పాలి?

దిష్టి తగులుతుందని దాచడంలో, ఆ దిష్టి కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మా అమ్మ ఊళ్ళో ఒక ఆశా కార్యకర్త నాకు బాగా తెలుసు. వాకిలి ఊడ్చే తీరు చూసి ఎవరు నెల తప్పారో కనిపెడతానంటుంది. కనిపెట్టి వెళితే, ‘ఇంకా ఏమీ లేదమ్మా’ అని తలుపు దగ్గరే పంపించేస్తారట. కార్డులో పేరు రాస్తే నిలవదని భయం. పన్నెండు వారాల లోపు పేరు రాయించుకోవాలని ప్రభుత్వం అనేది ఊరికే కాదు. బిడ్డ వెన్నుపాము గొట్టం ఆరో వారానికే మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర పనిచేయవలసింది అప్పుడు. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు మొదలుపెట్టాలంటే రక్తం ఎంత ఉందో అప్పటికే తెలిసి ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మొదటి మూడు నెలల్లో పరీక్ష చేయించుకున్న తల్లులు 70 శాతం. మిగతా ముప్ఫై మందికీ దిష్టే కారణమని నేను అనను. దూరం ఉంటుంది, డబ్బు ఉంటుంది, తెలియకపోవడం ఉంటుంది. కానీ ఆ ఆశా కార్యకర్త తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చిన ఇళ్ళు కూడా అందులో కొన్ని ఉండే ఉంటాయి.

అమ్మ వాదన

రెండోసారి నెల తప్పినప్పుడు పంతం పట్టి ఆరో వారంలోనే పన్నెండు మందికి చెప్పాను. అమ్మ మొత్తుకుంది. “రేపు ఏదైనా అయితే ఆ పన్నెండు మందికీ నువ్వే మళ్ళీ చెప్పుకోవాలి. ఒక్కొక్కరూ ఒక్కొక్క రోజు గుర్తొచ్చి అడుగుతారు. నేను పడ్డాను, నాకు తెలుసు” అంది. అమ్మకు అలా ఒకటి జరిగిందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ వాదనకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. అన్నీ మాట్లాడి, ఆ రాత్రే ఫోనులో ఒక సందేశం రాసి పెట్టుకున్నాను: ‘ఈసారి కూడా నిలవలేదు. దయచేసి కొన్నాళ్ళు ఫోన్ చేయకండి.’ పంపవలసిన అవసరం రాలేదు. పదమూడో వారం దాటినా దాన్ని చెరిపేయలేదు. పాప పుట్టిన తర్వాత ఎప్పుడో గుర్తొచ్చి చెరిపాను.

చెప్పినందుకు మంచే జరిగిందా అంటే, కొంత. ఎదురింటి ఆవిడ రోజూ మధ్యాహ్నం ఒక గిన్నెడు చల్లటి చారన్నం పంపేది. ఆ నెలంతా నా కడుపులో నిలిచింది అదొక్కటే. ఆఫీసులో పైఅధికారి మాత్రం ‘నీ మంచికే’ అంటూ నేను రెండేళ్ళుగా కష్టపడ్డ పనిలోంచి నన్ను తప్పించాడు. అది మళ్ళీ నా చేతికి రాలేదు. ఒక దూరపు బంధువు నా మొహం కళ తగ్గిందని చూసి ఆడపిల్లేనని తేల్చింది. స్కానింగు గదిలో లింగ నిర్ధారణ నేరమని గోడంత బోర్డు ఉంటుంది, 1994 నుంచీ చట్టం ఉంది, మా బంధువుల మొహ పరీక్షకు మాత్రం ఏ చట్టమూ లేదు. (పుంసవనం చేయిద్దామా అని కూడా ఒకరు అడిగారు. మూడో నెలలో మగబిడ్డ కోసం చేసే తంతు అది. వద్దన్నాను.)

కాబట్టి అందరికీ చెప్పమని నేను అనడం లేదు. ఉద్యోగం పోతుందనే భయం ఉన్నవాళ్ళు దాచుకోవడం తెలివే. ఏడ్చేటప్పుడు గది తలుపు వేసుకునే స్వభావం ఉన్నవాళ్ళు దాచుకోవడం కూడా సరైనదే. నా తగాదా అంతా దాచాలో వద్దో ఆ పిల్ల కాకుండా ఇంకెవరో నిర్ణయించడం మీద. అమ్మమ్మ ఇంట్లో చేద ఎవరు అందుకునేవారో, వాళ్ళకు ఇప్పుడు సమానమైనవాళ్ళు ఎవరో ఆమెకే తెలుస్తుంది. ఆ మనిషి మేనత్త కావచ్చు, పక్క సీటు ఆవిడ కావచ్చు. నాకు చారన్నం పంపిన ఎదురింటి ఆవిడ అంతకు ముందు నాతో పది మాటలు కూడా మాట్లాడలేదు.

మా వైపు మూడో నెలలో దొంగ చలిమిడి అని ఒకటి ఉంది. పుట్టింటివాళ్ళు తడి బియ్యప్పిండి కొట్టి, బెల్లం పాకం పట్టి, నెయ్యీ కొబ్బరి ముక్కలూ వేసి, పదిమందినీ పిలవకుండా తెచ్చి కూతురి ఒడిలో పెడతారు. కడుపు చలవ చేస్తుందంటారు. ఊరందరినీ పిలిచి చేసే వేడుకలు తర్వాత ఉంటాయి. ఇది మాత్రం చాటుగా. నాకు అమ్మ తెచ్చినప్పుడు బస్సులో ఎవరైనా డబ్బా మూత తెరిచి చూస్తారేమోనన్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఇంట్లో కిటికీ తెరలు కూడా వేసింది. అప్పటికి మా అపార్టుమెంటులో వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు.

మా చెల్లికి ఇప్పుడు పదమూడో వారం. స్కాన్ అయింది, రిపోర్టు బాగుంది. వచ్చే ఆదివారం పిన్ని చలిమిడి చేస్తోంది. నన్ను రమ్మంది, పెద్దమ్మ చెవిన మాత్రం ఇప్పుడే వేయొద్దంది.

నిన్న రాత్రి పెద్దమ్మే ఫోన్ చేసింది. కొత్త బెల్లం వచ్చింది, రెండు కిలోలు పంపిస్తున్నాను, మీ పిన్నికి ఇవ్వు, నేను పంపానని చెప్పకు అంది. నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. “నీకు ఎప్పుడు తెలిసింది?” అన్నాను.

“పెళ్ళిలో దాని మొహం చూసినప్పుడే. వాళ్ళు చెప్పనిది నాకు తెలుసని ఎలా అంటాను? తిట్టి అయినా కూర్చోబెడదామనుకున్నాను. పళ్ళెం వదిలితేగా?”